ఒక్క దెబ్బతో తేలేది కాదు నైపుణ్యం

1976 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగర పాలక మండలి సభ్యుల ముందు రోజర్ షార్ప్ అనే పాత్రికేయుడు పిన్‌బాల్ ఆడి చూపించాడు. బంతి పైనున్న సందుల్లో దేనిలోంచి దిగుతుందో ముందే చెప్పి, స్ప్రింగు పిడిని లాగి వదిలాడు. బంతి అలాగే దిగింది. 1942లో మేయర్ లాగార్డియా హయాంలో మొదలైన పిన్‌బాల్ నిషేధం ఆ ఏడాదితో ముగిసింది. పిన్‌బాల్ జూదం కాదు, నేర్పుతో ఆడే ఆట అని రుజువు చేసిన ఘట్టంగా దీన్ని నేటికీ చెప్పుకుంటారు. అయితే ఆ దెబ్బలో అదృష్టం పాలు కూడా ఉందని షార్పే తర్వాత ఒప్పుకున్నాడు. నిర్ణయం సరైనదే, దానికి చూపిన సాక్ష్యమే బలహీనమైనది. గురి ఒకసారి ఎవరికైనా కుదురుతుంది. ఆటలో నైపుణ్యం ఉందో లేదో తేల్చాలంటే ఆటగాడి చేతిలో ఎన్ని నిర్ణయాలు ఉన్నాయో, వాటి ఫలితం ఆట తర్వాత ఆటలో నిలుస్తుందో లేదో చూడాలి.

నిషేధం పెట్టినవారిని మూర్ఖులనడం న్యాయం కాదు. 1930లలో వచ్చిన యంత్రాలకు బంతిని తిరిగి కొట్టే ఫ్లిప్పర్లు లేవు. బంతిని పైకి వదిలాక ఆటగాడు చేయగలిగింది యంత్రాన్ని కాస్త కుదపడమే. కొన్ని యంత్రాలు నేరుగా డబ్బులే రాల్చేవి. అలాంటి వాటిని జూదమన్నారంటే అందులో తప్పు పట్టడానికి లేదు. 1947లో గాట్లీబ్ కంపెనీ కోసం హ్యారీ మాబ్స్ రూపొందించిన ‘హంప్టీ డంప్టీ’ ఆరు ఫ్లిప్పర్లతో వచ్చి ఆట స్వభావాన్నే మార్చేసింది. కిందికి జారే బంతి ఇక ఆటగాడి చేతికి అందింది. ఆట అంతగా మారినా న్యూయార్క్ చట్టం మాత్రం దాదాపు మరో మూడు దశాబ్దాలు పాత యంత్రాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆ చేతి పని ఏమిటో దగ్గరగా చూడాలి. బల్ల సుమారు ఆరున్నర డిగ్రీల వాలు. దాని మీద దాదాపు 80 గ్రాముల ఉక్కు బంతి దొర్లుతుంది. కొత్తవారు బంతి కనబడగానే ఫ్లిప్పర్లను లేపే రెండు బటన్లూ కలిపి నొక్కేస్తారు. ఫ్లిప్పర్లు రెండూ లేచినప్పుడు మధ్య సందు మరింత తెరుచుకుంటుంది, బంతి అందులోంచి జారిపోతుంది. తెలిసినవారు ముందు బంతిని ఆపుతారు. ఎత్తి పట్టిన ఫ్లిప్పర్ మూలలో దాన్ని నిలబెట్టి, బల్లంతా ఒకసారి చూసుకుని, అప్పుడు కొడతారు. వేగంగా వచ్చే బంతిని, క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతుల్ని వెనక్కి తీసినట్టు, ఎత్తిన ఫ్లిప్పర్‌ను సరైన క్షణంలో దించి మెత్తగా అందుకుంటారు. ఒక్కోసారి ఫ్లిప్పర్‌ను కదపకుండా వదిలేస్తే బంతి దాని మీద తగిలి అవతలి ఫ్లిప్పర్ వైపుకి ఎగురుతుంది. గురికీ లెక్క ఉంది. ఫ్లిప్పర్ కొసన తగిలిన బంతి ఎదుటి పక్కకు, మొదలు దగ్గర తగిలింది అదే పక్కకు వెళుతుంది. పక్క సందుల్లోకి పోబోయే బంతిని కాపాడటానికి యంత్రాన్ని కొద్దిగా కుదపవచ్చు. మితిమీరితే లోపల వేలాడే లోలకం చుట్టూ ఉన్న కడియాన్ని తాకి ‘టిల్ట్’ అవుతుంది, ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, ఆ బంతి పోయినట్టే. ఎంత కుదపాలన్నది కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

చేతి నేర్పు సగమే, మిగతా సగం ఎంపిక. ప్యాట్ లాలర్ రూపొందించగా 1992లో వచ్చి, 20,000కు పైగా అమ్ముడైన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రాన్ని తీసుకోండి. అందులో కుర్చీ గురిని కొడితే భవనంలోని ఒక గది తెరుచుకుంటుంది. పుస్తకాల అరను కొడుతూ పోతే ఖజానా తెరుచుకుని, ఒకేసారి పలు బంతులతో ఆడే మల్టీబాల్ దక్కుతుంది. ఒక్క గది చాలునా, గదులన్నీ పూర్తి చేసే పెద్ద లక్ష్యం వైపు వెళ్లాలా, బంతి ప్రమాదంలో ఉన్నప్పుడు ఎక్కువ పాయింట్ల గురికి పోవాలా, సురక్షితమైన గురితో సరిపెట్టుకోవాలా? ప్రతి బంతికీ ఈ ప్రశ్నలు తప్పవు. నియమాలు చదువుకున్నవారికి, చదువుకోనివారికి తేడా వచ్చేది ఇక్కడే.

అదే యంత్రంలో బల్ల కింది అయస్కాంతాలు బంతిని ఇష్టం వచ్చినట్టు తిప్పేస్తాయి కదా, అది అదృష్టం కాదా అని అడగవచ్చు. అదృష్టమే. అయితే అది అందరికీ ఒకేలా ఎదురవుతుంది. ఆ గందరగోళం నుంచి బయటపడిన బంతిని ఎవరు ఆపగలరు, ఎవరు పోగొట్టుకుంటారు అన్నదే తేడా. ఫలితం అదృష్టందే అయితే పోటీల్లో పేర్లు ఏటా మారిపోతూ ఉండాలి. కీత్ ఎల్విన్ లాంటి ఆటగాడు ప్రపంచ స్థాయి టైటిళ్లను మళ్లీ మళ్లీ గెలిచాడు. యాదృచ్ఛికత ఉన్నంత మాత్రాన నైపుణ్యం మాయం కాదని మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటపై వచ్చిన కేసులో, 1967లో ఇచ్చిన తీర్పులో, పడిన ముక్కల్ని గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడం ప్రధానంగా నేర్పుతో కూడిన పనులేనంది.

‘నైపుణ్యం’ అనే ముసుగులో జూదశాలలు నడుస్తాయన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. ఆ భయం నిజమే, దానికి జవాబు కూడా అదే తీర్పులో ఉంది. పందెపు ఆట నుంచి నిర్వాహకులు లాభం పిండుకుంటుంటే అది నేరం కావచ్చని కోర్టు అప్పుడే హెచ్చరించింది. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న విచారణ లేకుండానే డబ్బు పందెంతో నడిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆ చట్టం తగినదా కాదా అన్న చర్చ వేరు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలని మాత్రం అది గుర్తించింది. ఆటలో ఎంత నేర్పు ఉందన్నది మొదటిది, డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోందన్నది రెండోది. న్యూయార్క్ ఈ రెండింటినీ కలిపేసినందువల్ల, పైసా ఇవ్వని యంత్రం మీద నేర్పుగా ఆడేవారు కూడా 34 ఏళ్లు చట్టం కళ్లలో దోషులయ్యారు. హాని పందెంలో ఉంటే పందేన్ని కట్టడి చేయాలి. ఆటను తూచేటప్పుడు మాత్రం ఆటగాడు బంతిని ఎలా ఆపాడో, ఆపి ఏం నిర్ణయించుకున్నాడో చూడాలి.