గృహారోగ్యము: కాలేయమునకు కిరణ చికిత్స

నాంపల్లి స్టేషను దాపున కాపురముండు ఒక సోదరి వ్రాసిన జాబు క్రిందటి మాసమున నాకు చేరినది. ఆమె భర్తకు కాలేయమున కాన్సరు గడ్డ కలదని తేలినదట. గడ్డ యొక్కటియే గాని, శస్త్రము చేయుటకు వీలులేని తావున నున్నది. కనుక దానిమీదనే గురిపెట్టి అయిదు మారులు కిరణములు పంపెదమని వైద్యులు చెప్పిరి. ఈలోగా ఇంటివారు చేసిన సన్నాహము లివి: పెరటి గదికి సున్నము కొట్టించి యందు మంచము వేసిరి. అత్తగారు ఆయనకు వేరు కంచము, వేరు గ్లాసు తీసి యుంచిరి. మూడేండ్ల మనుమని వరంగల్లునకు పంపివేసిరి. ఆయనతో మాత్రము కడుపులో పుండు లేచినదనియు, మందుతో మానుననియు చెప్పిరి. "ఇంక నేమైన మరచితిమా?" యని ఆమె యడుగుచున్నది.

అమ్మా, మరచిన వానికంటె చేయకుండవలసినవి చేసినవే యెక్కువగా నున్నవి.

మొదట కంచము సంగతి. కాన్సరు అంటువ్యాధి కాదు. మీవారికి జరుగబోవు చికిత్సలో కిరణములు యంత్రమునుండి వెలువడి, గడ్డను తాకి, యంత్ర మాగినతోడనే యాగిపోవును. దీపమార్పిన గదిలో వెలుగు మిగులనట్లు, ఆయన దేహమున నేమియు మిగులదు. ఆ సాయంకాలమే మనుమని తొడపై కూర్చుండబెట్టుకొనవచ్చును. మీరు ప్రక్కనే పరుండవచ్చును. మా పినతండ్రిగారికి గొంతున కిరణ చికిత్స జరిగిన దినములలో మేమును ఇట్లే కంచము వేరు చేసితిమి. ఎవ్వరిని అడిగి చేసినది కాదు. ఆయన యొకమాటయు అనక, దానిని తానే కడిగికొని గోడకు ఆనించుచుండెడివారు. తరువాత నిజము తెలిసినది గాని, ఆయనకు చెప్పుటకు ఆయన లేరు.

అయితే మీ యత్తగారి భయము వట్టి చాదస్తమని కొట్టివేయను. కాలేయమునకే మరియొక విధమగు కిరణ చికిత్స కలదు. అందు ఇట్రియం-90 అను కిరణ పదార్థము నిండిన, ఇసుకరేణువుకంటె సన్నని పూసలను, తొడమూలమునుండియో మణికట్టునుండియో సన్నని గొట్టము ద్వారా కాలేయపు ధమనిలోనికి పంపుదురు. కాలేయమునకు రక్తము ముప్పాతికపాళ్లు ప్రేగులనుండి వచ్చు సిరద్వారా చేరును. గడ్డ మాత్రము ధమని రక్తము మీదనే బ్రదుకును. కనుక ధమనిలో విడిచిన పూసలు గడ్డ దగ్గరకే చేరును. అవి ఊపిరితిత్తులలోనికి పోవునేమో చూచుటకు ముందొక దినమున స్వల్ప పదార్థముతో పరీక్ష చేయుదురు. ఇట్రియపు బలము 64 గంటలకు సగమగును, మరి 64 గంటలకు అందు సగమగును. దాని కిరణములు మాంసమున సగటున రెండున్నర మిల్లీమీటర్లకు మించి పోవు. అయినను ఆ చికిత్సానంతరము కొలది దినములు వేరు పక్క వేయుటయు, పసిబిడ్డలను ఒడిలో నుంచుకొనకుండుటయు, గర్భిణులు చేరువను చాలసేపు కూర్చుండకుండుటయు మంచిది. ఎన్ని దినములో ఆసుపత్రివారు వ్రాసి యిత్తురు. కాబట్టి వైద్యుని మీరు మొదట అడుగవలసిన ప్రశ్న యిది: కిరణములు వెలుపలి యంత్రమునుండి వచ్చునా, లోపల నుంచెదరా? మీ జాబునుబట్టి మీవారిది వెలుపలి చికిత్సయే.

ఇంకొక మాట. కాలేయపు కాన్సరు హెపటైటిస్ బి అను క్రిమివలన వచ్చియుండిన యెడల, ఇంటివారందరును రక్తపరీక్ష చేయించుకొని, లేనివారు టీకా వేయించుకొనవలెను. ఆ క్రిమియు కంచముద్వారా అంటదు. క్షురకత్తి, పండ్లు తోము బ్రష్షు మాత్రము వేరుగా నుండవలెను.

ఇక ఆయనకు చెప్పక దాచిన సంగతి. ఇది మన యిండ్లలో ప్రేమతో చేయు పొరపాటు. కాని ఈ చికిత్సలో దాచుట సాగదు. కాలేయము మనము ఊపిరి పీల్చి విడుచునప్పుడెల్ల ఒకటి రెండు సెంటీమీటర్లు క్రిందికిని పైకిని జరుగుచుండును. మంచి కాలేయమో, కిరణములకు త్వరగా చెడును. అందుచేతనే పూర్వము ఈ యవయవమునకు కిరణ చికిత్స చేయుటకు వైద్యులు వెనుదీసిరి. నేడు గురి చక్కగా కుదురుటచే సాధ్యమైనది. ఆ గురి నిలుచుటకు కొన్ని ఆసుపత్రులలో పొట్టపై పట్టీ బిగింతురు. కొన్నింట రోగినే ఇరువది క్షణములవరకు ఊపిరి బిగబట్టి యుంచుమందురు. పట్టవలసినది ఆయన ఊపిరియే. ఎందులకో తెలియనివానిచే ఆ పని యెట్లు చేయింతురు? పైగా కాన్సరు ఆసుపత్రి ద్వారముపైన పేరు వ్రాసియే యుండును. ఆయనకు చదువు వచ్చును గదా! చికిత్సకు ముందే, పదిమందిలో గాక, మీరే నెమ్మదిగా చెప్పుడు. ఆయన అడిగినంతవరకు చెప్పుడు.

చెప్పిన పిమ్మట ఇంట చేయదగిన నిజమైన సన్నాహము మొదలగును. మొదటి దినమున స్కాను తీసి, ఆయన దేహమునకు సరిపడు మెత్త తయారుచేసి, చర్మముపై గుర్తులు పెట్టుదురు. స్నానమున ఆ గుర్తులను రుద్దరాదు. కొందరికి అంతకుముందే గడ్డ ప్రక్కన బంగారు గింజలవంటి గురుతులను సూదితో నుంచుదురు. లెక్కలు కట్టుటకు వైద్యులకు వారము పదిదినములు పట్టును; ఆ యెదురుచూపు కష్టమైనదే. ఆ దినములలో రోజు నొకమారు ఆయనను వెల్లకిల పరుండబెట్టి, చేతులు తలపైకి చాపించి, మీరు ఒకటి, రెండు, అని నెమ్మదిగా ఎంచుచుండ, ఊపిరి బిగబట్టు అభ్యాసము చేయింపుడు. ఆయాసమైనచో ఆపుడు. చేతులు అరగంటసేపు పైకి నుంచుట భుజములు బిగిసిన పెద్దవారికి ఊపిరి పట్టుటకంటెను కష్టము. ముందు బొత్తాములుండు చొక్కా సిద్ధము చేయుడు. చికిత్సకు రెండు మూడు గంటలముందు ఆహారము వలదందురు. చక్కెరవ్యాధికి మందు తీసికొనువారు ఆనాటి మోతాదెంతో ముందుగనే అడుగవలెను.

వంటయింటి విషయము. పథ్యమని చారన్నముతో రోజులు గడుపవలదు. కాలేయము చెడినవారికి మాంసకృత్తులు మామూలుకంటె అవసరము: పప్పు, పెరుగు, తినువారికి గ్రుడ్డు. రాత్రి పండుకొనుటకు ముందు కొంచెము తినిపింపుడు. రాత్రియంతయు ఉపవాసముండిన కండ కరగును. పొట్టలో నీరు చేరియున్నచో ఆవకాయ, అప్పడము మానిపింపుడు. మద్యము చుక్కయైనను తగదు. ఇరుగుపొరుగువారు తెచ్చి యిచ్చు పసరులు, పొడులు అన్నిటిని వైద్యునికి చూపక వాడరాదు. తిప్పతీగ కషాయము త్రాగినవారిలో కొందరికి కాలేయము వాచినదని 2021లో బొంబాయి వైద్యులు ప్రకటించిరి. నొప్పికి అంగడిలో దొరకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయవలదు. జ్వరపు మాత్రకు సైతము మోతాదు వ్రాయించుకొనుడు.

మీ యింటికి కూతవేటు దూరమున రెడ్‌హిల్స్‌లో, మెహదీ నవాజ్ జంగుగారి పేరిట 1955లో వెలసిన ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి కలదు. ఆయన హైదరాబాదు మంత్రిగా నుండి, 1960లో గుజరాతునకు మొదటి గవర్నరైనారు. జిల్లాలనుండి మీ స్టేషనులో దిగి, ఎక్సురే సంచులు చంక నిడుకొని అటు నడచువారిని మీరు దినమును చూచుచునే యుందురు. అట్టివారికై వ్రాయుచున్నాను: ఆసుపత్రివారి ధ్రువపత్రముతో కాన్సరు రోగికి రైలు స్లీపరున టిక్కెట్టు ఉచితము, తోడు వచ్చువారికి నాలుగవవంతు వెలయే. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచినది. మీకు చెప్పిన చికిత్స అందులో చేరునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా అడుగుడు. జనవరిలో చికిత్స పడినచో, నుమాయిష్ సాయంకాలములలో మీ వీధులు కదలవు. ఉదయపు వేళను కోరుకొనుడు.

చికిత్సవేళ నొప్పి తెలియదు. తరువాత కొన్ని వారములు అలసట, వికారము, ఆకలి మందగించుట యుండవచ్చును. కన్నులు పచ్చబడినను, పొట్ట ఉబ్బినను, మలము నల్లబడినను, రక్తము కక్కినను, మాట తడబడి పగలు నిద్ర రాత్రి మేలుకువ యైనను, మరునాటికని ఆగక ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఫలితము వెంటనే కనబడదు. మూడు మాసముల స్కానులో గాని నిలుకడగా తెలియదు. అంతవరకు గడ్డ పోయినదా యని ఆయనను గాని, వైద్యుని గాని రోజును అడుగవలదు.

పెరటి గదిలో మీ బియ్యపు బస్తాలు పెట్టుకొనుడు. వరంగల్లునుండి మనుమని ఈ ఆదివారము రప్పింపుడు. తాతగారి ఊపిరి లెక్కకు వాడు కూడ అంకెలు చెప్పగలడు, మూడు దాటినపిమ్మట తప్పినను.