పిల్లల నోట్లో ఉన్న పాటనే పలక మీదకు తేవాలి

"మీ గుంటలు గట్టిగా చదవరండీ, నోరే విప్పరు." కొండ దిగి టెక్కలి, కోటబొమ్మాళి వైపు బడులకొచ్చే మన సవర, జాతాపు పిల్లల గురించి ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఇదే గుంటలు కందికొత్తల పండక్కి డప్పు మోగితే ఎంతసేపైనా పాడతారు. మరి బడిలో ఎందుకు పాడరు? ఎందుకంటే పుస్తకంలో ఉన్న మాట వాళ్లు ఇంట్లో విన్నది కాదు.

ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు ఆటపాటలతో, ప్రాస పాటలతో బిగ్గరగా చదవడం నేర్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచి పద్ధతే, నేనూ ఒప్పుకుంటాను. అదెలా పనిచేస్తుందో చూద్దాం. బోర్డు మీద ఇలా రాశామనుకోండి:

జీడిపిక్క జారింది
చేటలోన చేరింది
చిన్నగుంట చూసింది
చేత్తో పట్టి తీసింది

రెండుసార్లు చప్పట్లు కొట్టి పాడితే పాట నోటికొచ్చేస్తుంది. తర్వాత ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివిస్తే, నోటికి తెలిసిన మాట కంటికి ఎలా ఉంటుందో పిల్లకు తెలుస్తుంది. జారింది, చేరింది, చూసింది, తీసింది. చివర ఒకేలా ఉంటుంది కాబట్టి మొదటి అక్షరం ఒక్కటీ గుర్తుపడితే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. గుణింతం మొత్తం వల్లెవేసేదాకా ఆగక్కర్లేదు. ముందు అందరూ కలిసి, తర్వాత ఇద్దరిద్దరు, ఆ తర్వాత ఒక్కొక్కరు చదవాలి. సిగ్గుపడే పిల్ల గుంపులో గొంతు కలుపుతుంది. తప్పు చదివినా ఎవరూ నవ్వరు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నోటికి రావడం వేరు, చదవడం వేరు. 'జీడిపిక్క' చెరిపి 'జీడిపండు' అని రాసి చూడండి. పిల్ల ఇంకా 'పిక్క' అనే అంటే బోర్డు చూడటం లేదన్నమాట. అర్థం తెలియని ఇంగ్లీషు రైములు గడగడా అప్పచెప్పించి, పిల్లలకు చదవడం వచ్చేసిందని మురిసిపోయే బడులకు ఇదే నా సమాధానం.

ఇక అసలు విషయం. పైన రాసిన పాట తెలుగు ఇంటి పిల్లకు ఆట. ఇంట్లో సవర మాత్రమే మాట్లాడే పిల్లకు అది ఇంకో పాఠం, అంతే. సవరలో గొంతు దగ్గర ఠక్కున ఆగే శబ్దం ఉంది, దానికి తెలుగులో అక్షరమే లేదు. అలాంటి పిల్ల తెలుగు మాట తన యాసలో పలికితే "తప్పు" అంటారు. రెండుసార్లు తప్పు అనిపించుకున్నాక మూడోసారి నోరెందుకు విప్పుతుంది?

మన దగ్గర పాటలు లేవా? ఒక చరణం పాడి, అదే భావాన్ని ఒక్క మాట మార్చి మళ్లీ పాడటం సవర పాటల్లో ఉన్న పద్ధతే. చదవడం నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం ఏముంటుంది?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ వేదికల మీద సవర మాట వినపడటం అరుదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలైంది, వాటిలో సవర ఉంది. వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టమూ అంటోంది.

కానీ ఆ పాట తెలిసిన టీచరు కావాలి కదా! షెడ్యూల్డ్ ఏరియాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోటబొమ్మాళి లాంటి మండలాలు షెడ్యూల్డ్ ఏరియా కాదు గనక అక్కడికొచ్చే మన పిల్లలకు ఆ జీవో ఎప్పుడూ దక్కలేదు.

అందుకే అడుగుతున్నాం. ఆదివాసీ పిల్లలున్న ప్రతి బడిలో, ఏరియాతో పని లేకుండా, వాళ్ల భాషలో పది పాటలు తెలుగు లిపిలో రాసి గోడకు పెట్టండి. అవి వచ్చాకే తెలుగు పాటలకు, ఆ తర్వాత ఇంగ్లీషుకు వెళ్లండి. వారానికొక రోజు పాటలు తెలిసిన ఊరి పెద్దమ్మను బడికి పిలిచి, ఆమెకు గౌరవ వేతనం ఇవ్వండి. స్థానిక ఆదివాసీ టీచర్ల నియామకానికి కోర్టులో నిలబడే చట్టం తీసుకురండి.

చదువుకున్న మన యువతకూ ఒక మాట. ప్రభుత్వం కదిలేదాకా కూర్చోవద్దు. ఈ సెలవుల్లో మీ ఊళ్లో అవ్వల దగ్గర కూర్చుని పిల్లల పాటలు రాసుకోండి, ఫోన్లో రికార్డు చేయండి. బడి తెరిచే రోజున ఆ కాగితాలు పట్టుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టండి.

జై ఆదివాసీ!