జాంబీ రెడ్డికి జాలి మార్కులెందుకు?

2021 ఫిబ్రవరి 5న ‘జాంబీ రెడ్డి’ విడుదలైంది. నేను చూసింది ఆ మరుసటి వారం, మూతికి మాస్కు, జేబులో శానిటైజర్ సీసాతో. హాల్లో నవ్వులు బాగానే పడ్డాయి. నేనూ నవ్వాను. బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర నాకు తోచిన లోపాలు రెండు చెప్పబోతే పక్కనున్న మిత్రుడు అడ్డం పడ్డాడు. “తెలుగులో మొదటి జాంబీ సినిమా. పైగా చిన్న బడ్జెట్. చేతనైతే చప్పట్లు కొట్టు, లేదంటే టీ తాగు” అన్నాడు. టీ తాగాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ గొంతు దిగలేదు.

ఇది నా మిత్రుడొక్కడి మాట అయితే ఇంత రాయనక్కర్లేదు. చిన్న సినిమా ఏదొచ్చినా మన దగ్గర రెండు ఖాతాలు తెరుస్తారు. బాగున్నవన్నీ దర్శకుడి ప్రతిభ ఖాతాలో జమ. బాగాలేనివన్నీ బడ్జెట్ ఖాతాలో ఖర్చు. ‘పాపం, ఆ డబ్బులో అంతకంటే ఏం తీస్తాడు?’ అనేస్తే లెక్క తేలిపోతుంది. ‘జాంబీ రెడ్డి’ విషయంలో ఈ లెక్క తప్పంటాను. ఆ సినిమాలో మనల్ని నవ్వించినవాటికి పెద్దగా డబ్బు కాలేదు. నీరసపరిచినవాటిని సరిదిద్దడానికీ అయ్యేది కాదు. రెండూ కాగితం మీద జరిగిన పనులే. మధ్యలో బడ్జెట్ ప్రసక్తి ఎందుకు?

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం, అది చాలానే ఉంది.

టైటిల్ వినగానే సగం నవ్వు వచ్చేస్తుంది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘చెన్నకేశవరెడ్డి’ (2002) విని పెరిగిన చెవులకు రెడ్డికి ముందు ‘జాంబీ’ తగలడమే ఒక జోకు. ఆ టైటిల్ ప్రకటించినప్పుడు ఒక సామాజిక వర్గాన్ని కించపరిచారని కొందరు అభ్యంతరం చెప్పారు, దర్శకుడు ప్రశాంత్ వర్మ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. అదే పేరు పెట్టుకుని తెర మీద పదుల సంఖ్యలో తలలు నరికినప్పుడు రాని కోపం, జాంబీలొచ్చేసరికి ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. అది వేరే వ్యాసం.

టైటిల్‌ను మించిన తెలివి కథను కర్నూలుకు తీసుకెళ్లడంలో ఉంది. హైదరాబాదు కుర్రకారు, వీడియో గేములు తయారు చేసేవాళ్లు, స్నేహితుడి పెళ్లికని ఫ్యాక్షన్ ఇంటికి వెళ్తారు. ఇంకోపక్క కరోనా మందు కోసం చేసిన ప్రయోగం వికటించి మనుషులు జాంబీలవుతుంటారు. విదేశీ జాంబీ సినిమాల్లో మనుషులకు పెద్ద తిప్పలు ఆయుధాలు వెతుక్కోవడం. 2004 నాటి ఇంగ్లీషు కామెడీ ‘షాన్ ఆఫ్ ది డెడ్’లో పాపం గ్రామఫోన్ రికార్డులు విసురుతారు, క్రికెట్ బ్యాటుతో కొడతారు. మన సినిమాల్లోని సీమ ఇంటికి ఆ కరువు లేదు. అటక మీద కొడవళ్లు, గడ్డివాములో నాటుబాంబులు, వాకిట్లో సుమోలు. శత్రువు ఎప్పుడొస్తాడా అని ముప్పై ఏళ్లుగా సిద్ధంగా ఉన్న ఇల్లది. వచ్చింది పక్కూరి శత్రువు కాదు, ప్రాణం పోయినా నడిచే శవం. ఈ ఒక్క ఆలోచనకు ఎంత ఖర్చయి ఉంటుంది? ఒక టీ, ఒక సిగరెట్.

దీని వెనక ఇంకో మంచి లెక్క ఉంది, రాసినవాళ్లకు తెలిసి పడిందో తెలియక పడిందో. తెలుగు దెయ్యానికి పేరుంటుంది, ఊరుంటుంది, తీరని కోరికో తీర్చుకోవలసిన పగో ఉంటుంది. పగ తీరగానే వెళ్లిపోతుంది. జాంబీకి ఆకలి తప్ప ఏమీ ఉండదు. పైగా చితి పెట్టే ఇళ్లలో శవం లేచి నడిచొచ్చిందంటే నమ్మకం కుదరదు. అందుకే సమాధుల జోలికి పోకుండా మందు వికటించడంతో మొదలుపెట్టడం సరైన పని. ఇక ఫ్యాక్షనిస్టుకు ఉన్నదే పేరు, పగ. జాంబీ అయిన క్షణంలో ఆ రెండూ పోతాయి. తరతరాలుగా ఒకరి నీళ్లు ఒకరు ముట్టని రెండు వర్గాలు ఒకే బంతిలో కూర్చుని ఎదురుగా ఉన్నవాణ్ణి పీక్కు తినడం కన్నా పెద్ద వ్యంగ్యం ఏముంటుంది?

తేజ సజ్జాను హీరోగా పెట్టడమూ అలాంటిదే. ‘ఇంద్ర’ (2002)లో చిన్ననాటి ఇంద్రసేనారెడ్డిగా మనకు గుర్తుండిపోయిన పిల్లవాడతను. అదే పిల్లవాడు పెరిగి, హీరోగా తన మొదటి సినిమాకి మళ్లీ సీమ గడప తొక్కాడు. ఈ జ్ఞాపకం ప్రేక్షకుడు ఇంటి నుంచి తెచ్చుకునేది, నిర్మాతకు పైసా ఖర్చు లేదు. గెటప్ శ్రీను కనిపించగానే నవ్వే జనం కూడా అలాగే వచ్చారు.

ఇప్పుడు రెండో ఖాతా.

గ్రాఫిక్స్, మేకప్, జాంబీల సంఖ్య, వీటి గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. ఉన్నంతలో బాగానే చేశారు. జనం ‘సర్దుకుపోదాం’ అనేది వీటినే కాబట్టి ఆ జాలి చేరవలసిన చోటికి కూడా చేరడం లేదు.

నా మొదటి ఫిర్యాదు, చేతికందిన పోలికను నేలపాలు చేయడం. జాంబీ కాటు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. కరిచినవాడు కరిపించుకున్నవాణ్ణి తనలాంటివాణ్ణే చేస్తాడు. ఫ్యాక్షన్ కూడా అంతే కదా. తండ్రిని చంపితే కొడుకు చంపేవాడవుతాడు, వాడు చంపినవాడి కొడుకు ఇంకొకడు. అదీ అంటురోగమే, పొదిగే కాలం ఇరవై ఏళ్లు, అంతే తేడా. ఈ రెండు రోగాలనూ ఒకే పెళ్లి పందిట్లో చేర్చిన సినిమా, వాటిని పక్కపక్కన నిలబెట్టి చూపించింది గానీ ఒకదానితో ఒకటి మాట్లాడించలేదు. కొడవలి ఎత్తినవాడికి ఎదురుగా ఉన్నది తనే అని తెలిసే ఒక్క సీను ఉంటే చాలేది. దానికి కొత్త సెట్టు అక్కర్లేదు, కొత్త నటుడు అక్కర్లేదు. రచయిత ఇంకో వారం కూర్చోవాలి.

ఆ వారం కూర్చోకపోవడం వల్లే సీమ మళ్లీ అదే పాత సీమ అయింది. ఫ్యాక్షన్ సినిమాలను వెక్కిరిస్తున్నామంటూ ఆ సినిమాలు వాడిన సామానే మళ్లీ వాడారు. కత్తులు, తొడలు, అరుపులు. మా ప్రాంతమంటే ఇదేనా అని సీమ రచయితలూ పాఠకులూ ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నారు. వెక్కిరింత నిజంగా వెక్కిరింతైతే అది ‘సినిమా సీమ’ పక్కన అసలు సీమను ఒక్క క్షణమైనా చూపించాలి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద ఎక్కువ కొవిడ్ కేసులు నమోదవుతూ వచ్చింది కర్నూలు జిల్లాలోనే. వీధులకు అడ్డంగా బ్యారికేడ్లు, ఆస్పత్రి ముందు ఎదురుచూపులు, పక్కింటివాణ్ణి చూసి తలుపు వేసుకునే భయం, ఇవన్నీ ఆ ఊరు అప్పుడే అనుభవించింది. కరోనా మీద జాంబీ కథ తీసుకుని, కర్నూలులో పెట్టి, ఆ కర్నూలును వదిలేశారు! తోటి మనిషిని చూసి భయపడే ఊరు కన్నా జాంబీ సినిమాకు మంచి సెట్టు ఎక్కడ దొరుకుతుంది? అది రెడీగా ఉంది, ఉచితంగా.

రెండోది నడక. ప్రేక్షకుడు టిక్కెట్టు కొన్నది టైటిల్ చూసి. జాంబీలు గుంపుగా మీదపడేసరికి ఇంటర్వెల్ దగ్గరపడుతుంది. అంతవరకూ స్నేహితుల సరదాలు, గేమింగ్ గొడవలు.

మూడోది ముగింపు. సైన్సుతో మొదలైన ఉపద్రవం చివరికి గుడి మెట్లెక్కి దైవం చేతుల్లో పడుతుంది. నాకు దేవుడితో పేచీ లేదు. పేచీ ఆటకు సంబంధించింది. కబడ్డీ ఆడుతూ ఆడుతూ ఓడిపోయేలా ఉన్నామని చివరి నిమిషంలో వికెట్లు పాతితే ఎలా ఉంటుంది? ‘జాంబీ సినిమాలో లాజిక్ అడుగుతావేంటి’ అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. అసలు లాజిక్ గట్టిగా కావలసింది ఇలాంటి సినిమాకే. మామూలు ప్రపంచం కథలో సగం నియమాలు ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఇక్కడ అన్నీ కొత్తగా చెప్పాలి: ఎలా సోకుతుంది, ఎంతసేపట్లో మారతాడు, ఎలా ఆగుతాడు. చెప్పినదాని మీద నిలబడాలి. నవ్వు కూడా అక్కడి నుంచే పుడుతుంది. నియమం తెలిసినవాడికే దాన్ని తప్పించుకునే తెలివి చూస్తే నవ్వొస్తుంది. హీరో గేములు తయారు చేసేవాడు కదా, నియమాలు రాయడమే వాడి వృత్తి. ఆ వృత్తిని ముగింపులో ఎందుకు వాడుకోలేదన్నది నన్ను ఇప్పటికీ వేధిస్తున్న ప్రశ్న.

‘డబ్బుంటే అన్నీ కుదిరేవి’ అనేవాళ్ల కోసం రెండు సంగతులు చెప్తాను. 2017లో జపాన్‌లో షినిచిరో ఉవేదా ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ తీశాడు. ఖర్చు 30 లక్షల యెన్లు, మన డబ్బులో ఇరవై లక్షల లోపే. పెద్ద పేరున్న నటులెవరూ లేరు, ఒక నటనా శిక్షణాలయంలో వర్క్‌షాపుకు వచ్చినవాళ్లే. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్‌లో నడిచే నాసిరకం జాంబీ సినిమా. కెమెరా వణుకుతుంది, నటులు మాటలు మరిచిపోయినట్టు నిలబడతారు, అర్థం లేకుండా ఎవడో బయటికి పోతాడు. చూసేవాడికి చిరాకేస్తుంది. ఆ తర్వాత ఆ షాట్ ఎలా తీశారో చూపించడం మొదలవుతుంది, ఇందాక మనం విసుక్కున్న ఒక్కో తప్పూ ఒక్కో జోకై తిరిగొస్తుంది. డబ్బు లేకపోవడాన్నే కథ చేసుకున్నాడు. జపాన్‌లో ఆ సినిమా 300 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసింది, పెట్టినదానికి వెయ్యి రెట్లు.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ రకం సినిమాలకు మూలపురుషుడు జార్జ్ రొమెరో. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కు అయింది సుమారు 1,14,000 డాలర్లు. నలుపు తెలుపు సినిమా కాబట్టి నెత్తుటికి చాక్లెట్ సిరప్ వాడుకున్నారు. ‘జాంబీ’ అనే మాట సినిమా మొత్తంలో ఎక్కడా వినపడదు. రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లజాతి హీరోను తెల్లారాక కాపాడడానికొచ్చిన మనుషులే జాంబీ అనుకుని కాల్చేస్తారు. ఆ ముగింపు ఖర్చు ఒక్క తూటా. యాభై ఏళ్లు దాటినా జనం దాని గురించి రాస్తూనే ఉన్నారు. ‘మాది మొదటిది కదా’ అనే సాకు ఎవరికైనా చెల్లాలంటే రొమెరోకు చెల్లాలి, అతని ముందు ఈ దారే లేదు.

మన దగ్గరికొస్తే, ‘గో గోవా గాన్’ (2013) అనే హిందీ జాంబీ కామెడీ తీసిన రాజ్, డీకే ఇద్దరూ తిరుపతిలో ఇంజినీరింగ్ చదివిన మనవాళ్లే. కాబట్టి జాంబీకి తెలుగు బుర్ర కొత్త కాదు, తెలుగు తెరే కొత్త.

జాలి వల్ల నష్టమేమిటని అడగొచ్చు. 2024 జనవరిలో అదే ప్రశాంత్ వర్మ, అదే తేజ సజ్జాతో ‘హను-మాన్’ తెచ్చాడు. అది దేశమంతా ఆడింది. అప్పుడు ఎక్కువమంది నోట విన్న పొగడ్త ఏమిటి? ‘ఇంత తక్కువ డబ్బులో ఈ గ్రాఫిక్సా!’ మళ్లీ అదే త్రాసు. తక్కువలో తీశాడని మెచ్చుకునేవాళ్లు ఏం తీశాడో అడగడం మానేశారు. ‘అ!’ (2018) లాంటి కథతో మొదలైన దర్శకుణ్ణి మేస్త్రీ కూలి లెక్కలో కొలవడం పొగడ్త ఎలా అవుతుంది? ఆ మనిషికి ఊహ ఉంది. ‘రెడ్డి’ పక్కన ‘జాంబీ’ పెట్టగలిగినవాణ్ణి ‘ఇంకో వారం కూర్చో’ అని అడిగే హక్కు టిక్కెట్టు కొన్నవాడికి ఉండాలి.

ఈ వ్యాసం కోసం సినిమా మళ్లీ చూశాను. ఫ్యాక్షన్ ఇంటివాళ్లు జాంబీల మీదికి దూకినప్పుడు మళ్లీ నవ్వాను. చివర్లో గుడి గంటలు మోగేటప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఐదుకు రెండున్నర వేస్తాను. అందులో ఒకటి టైటిల్‌కే. బడ్జెట్ చూసి కలిపింది ఏమీ లేదు.