పంపు ఒకరిది, పురుగు ఒకరిది, ప్రాణము రైతుది



గడచిన వానకాలమున ఒక గ్రామములో పత్తిచేనికి పురుగుమందు కొట్టుచున్న యువకుని చూచితిమి. పంపు వాషరు అరిగి మందునీరు వీపుమీద కారుచుండెను. అతడు గాలికెదురుగా నడచుచుండెను. మేము మందు పేరును మోతాదును చెప్పి వచ్చితిమే కాని పంపు సంగతి అడుగలేదు. సాయంకాలమునకు అతని కన్నులు మసకబారి, నోట చొంగ కారగా, ఆసుపత్రికి గొనిపోయిరి. దైవకృపచే బ్రదికెను. అడుగకపోవుట మా తప్పే.

ఈ యాపద యే శాస్త్రమునకు చెందినది? పంపు కారుట యంత్రవిద్యకు సంబంధించినది. పురుగు మందునకు లొంగకుండుట జీవశాస్త్రమునకు, విషము నరముల కెక్కుట వైద్యమునకు సంబంధించినవి. శాస్త్రములు మూడైనను రైతు దేహ మొక్కటియే.

మన వరంగల్లున ఈ విద్యలకు కొరత లేదు. నెహ్రూగారు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసిన 1959వ సంవత్సరముననే కాకతీయ వైద్య కళాశాలయు వెలసెను. ఆ ఇంజనీరింగు కళాశాలయే 2002లో జాతీయ సంస్థయై నేడు నిట్ అని పిలువబడుచున్నది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడెను. వ్యవసాయ పరిశోధన స్థానమును గలదు. అయినను 1997-98లో లద్దెపురుగు పత్తిని తినివేయగా, ఎన్ని మందులు కొట్టినను చావక, అప్పులపాలై మన జిల్లా రైతు లెందరో ప్రాణములు తీసికొనిరి.

విద్యలు కలిసినచో ఫలమెట్టిదో చూడుడు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమును నడపుచుండగా, అచట డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ విశ్వవిద్యాలయపు సేద్యపు మడిలోని మట్టినుండి ఆరియోమైసిను అను మందును కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. పెద్ద తొట్లలో పులియబెట్టి దానిని తీయుటకు యంత్రవిద్య కావలసెను. రోగికిచ్చి పరీక్షించుటకు వైద్యుడు కావలసెను. చేని మట్టి రోగికి మందైనది.

ఎవరి శాస్త్రమును వారు లోతుగా చదువుటయే మేలని కొందరందురు. నిజమే, బావి లోతుగా నుండవలసినదే. కాని కాలువ లేనిచో మడి తడవదు.

కావున మన సంఘము సర్వసభ్య సమావేశమున తీర్మానించి, ఈ విద్యాలయముల కన్నిటికి ఒకే విన్నపము పంపవలెనని మా యభిప్రాయము. అన్ని శాఖల పరిశోధకులును ఒకే చేనికి, ఒకే పంటకాలమున కలిసి రావలయును. మనము ఒక యెకరమును చూపి, ఏ దినమున ఏ మందు ఎంత కొట్టితిమో, ఒంటికెట్లుండెనో వ్రాసి యుంచవలెను. అడుగనిది అమ్మయైనను పెట్టదు.

అందాక కారు పంపును బాగుచేయింపక భుజమున కెత్తవలదు. గాలికి వీపు పెట్టి నడువవలెను. పని ముగియగానే సబ్బుతో స్నానము చేయవలెను. తల తిరిగినచో ఆలసింపక, మందు డబ్బాను వెంట గొని ఆసుపత్రికి పోవలెను. ఏ విషమో తెలిసిననే వైద్యుడు తగిన విరుగుడు త్వరగా ఈయగలడు.