ఉల్లిపాయలకు అమ్మిన టీవీ

గోదావరి జిల్లాల పల్లెల్లో పాత సామాన్ల బండి రాకముందే దాని మైకు వినిపిస్తుంది. పాత ఇనుము, విరిగిన ప్లాస్టిక్, పాడైపోయిన మిక్సీలు, టీవీలు ఏవున్నా తెండి, ఉల్లిపాయలు ఇస్తాం అంటుంది. ఉల్లికి తాడేపల్లిగూడెం పెద్ద మార్కెట్ కదా, ఈ చుట్టుపక్కల ఉల్లి పెట్టి పాత సామాను కొనడం ఎప్పటినుంచో ఉంది. అటక ఖాళీ అవుతుంది, నెలకు సరిపడా ఉల్లి ఇంట్లోకి వస్తుంది. ఆ టీవీ తర్వాత ఏమైందని మాత్రం ఎవరూ అడగరు.

డబ్బా టీవీనే తీసుకుందాం. దాన్ని విప్పే కుర్రాడికి కావలసింది రాగి. వెనక మూత ఊడదీసి, పిక్చర్ ట్యూబు మెడ మీద సుత్తితో ఒక్కటి వేస్తాడు. మెడకు చుట్టుకుని ఉన్న రాగి చుట్ట ఊడి చేతికొస్తుంది. తీగలన్నీ కుప్పపోసి నిప్పంటిస్తే పైనున్న ప్లాస్టిక్ కాలిపోయి రాగి మిగులుతుంది. ఆ పొగలో డయాక్సిన్లు ఉంటాయి, ముందు పీల్చేది ఆ కుర్రాడే. బోర్డును ఇంకొకరు కొనుక్కుపోతారు. ట్యూబు గాజును ఎవరూ కొనరు. ఎక్స్‌రే కిరణాలు బయటికి రాకుండా ఆ గాజులో సీసం కలుపుతారు, పెద్ద ట్యూబుల్లో అది కిలో దాటుతుంది. బేరం లేని సరుకు కాబట్టి కాలువ గట్టుకో ఊరి చివర గుంటకో చేరుతుంది.

ఏలూరులో గట్టు అంటే తమ్మిలేరు గట్టే. రెండు పాయలై ఊరిని చుట్టి తమ్మిలేరు కొల్లేరు సరస్సులో కలుస్తుంది. బుడమేరు, రామిలేరు, గుండేరు నీళ్ళూ అక్కడికే వస్తాయి. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు, అది దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి గానీ సముద్రం చేరదు. ఎలక్ట్రానిక్ చెత్తలోని సీసం, పాదరసం, కాడ్మియం కుళ్ళిపోయేవి కావు. అడుగు బురదలో దిగి ఉండిపోతాయి. ఆ బురదలోని భార లోహాలు మనం తినే చేపల్లోకి ఎలా ఎక్కుతున్నాయో హైదరాబాద్ శాస్త్రవేత్తలు పరిశీలించి 2004లోనే ప్రచురించారు. అదంతా ఎలక్ట్రానిక్ చెత్త పాపమేనని నేననను. ఫ్యాక్టరీల నీళ్ళు, ఊళ్ళ మురుగు, పొలాల మందులు ముందునుంచీ పడుతూనే ఉన్నాయి. వాటికి తోడు మన అటకల మీది సీసం కూడా పడాలా? 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఇది. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు తినేదీ, మన ఇళ్ళలో పులుసయ్యేదీ ఈ నీళ్ళ చేపే.

తాడేపల్లిగూడెం వాళ్ళు తమకేం ఫర్వాలేదనుకోనక్కర్లేదు. అటువైపు ఎర్రకాలువ నీళ్ళు యనమదుర్రు డ్రెయిన్ మీదుగా భీమవరం వైపు పోతాయి, అటూ చేపల చెరువులే.

సీసం పేరెత్తితే ఏలూరుకు 2020 డిసెంబరు గుర్తుకు రావాలి. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా మూర్ఛలతో ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది. కారణం ఏదైనా, ఆ డిసెంబరు చూసిన ఊరు సీసం విషయంలో మిగతా ఊళ్ళకంటే ముందు మేలుకోవాలి.

బండివాడిని తిట్టడం అన్యాయం. గడప దగ్గరికొచ్చి, తూకం వేసి, ఎంతోకొంత చేతిలో పెట్టేది అతనొక్కడే. లోపమంతా ధరలో ఉంది. కొల్లేటి లంకల్లో చెరువులోని ఏరేటర్ మోటారు కాలిపోతే ఏ రైతూ పారేయడు, వైండింగ్ షాపుకు పంపిస్తాడు, ఎందుకంటే అందులో రాగి ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ పాడైతే షాపువాడే తీసుకుని కొత్తదాని బిల్లులో తగ్గిస్తాడు. డీలరు పాత బ్యాటరీ వెనక్కి తీసుకోవాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. అక్కడా దొంగ బట్టీల బెడద ఉంది, కానీ బ్యాటరీని చెత్తకుండీలో వేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? మిక్సీకి, టీవీకి, ఫోనుకు ఆ ఏర్పాటు ఎందుకు లేదు?

ఒకప్పుడు దారి కొంత ఉండేది. 2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో సేకరణ కేంద్రాల ప్రస్తావన, డీలరు బాధ్యత ఉండేవి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నిబంధనల్లో వస్తువుల జాబితా 21 నుంచి 106కు పెరిగింది, అది మంచిదే. కానీ నమోదు చేసుకోవలసినవాళ్ళు తయారీదారులు, ఉత్పత్తిదారులు, మరమ్మతు చేసేవాళ్ళు, రీసైక్లర్లు మాత్రమే. డీలరు, సేకరణ కేంద్రం తప్పుకున్నాయి. అంత సరుకు రీసైకిల్ అయిందని చెప్పే సర్టిఫికెట్లు కంపెనీ రీసైక్లర్ దగ్గర కొంటే దాని బాధ్యత తీరుతుంది. ఆ సర్టిఫికెట్‌కు కారణమైన టీవీ ఏలూరుదా, ఇంకెక్కడిదా అన్నది ఎవరికీ పట్టదు. ఇళ్ళలో వాడే ఎలక్ట్రానిక్ వస్తువులకు రీసైక్లర్‌కు కిలోకు కనీసం 22 రూపాయలు చెల్లించాలని కేంద్రం నిర్ణయిస్తే, పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. నాకు కోపం తెప్పించేది ఇదే. పండగ ఆఫర్లకు పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చే కంపెనీలకు ఆ 22 రూపాయలు బరువయ్యాయి.

అదే స్విట్జర్లాండ్‌లో 1998 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మే ప్రతి షాపూ పాతవి తీసుకుని తీరాలి. ఆ ఖర్చును కొత్త వస్తువు ధరలోనే ముందుగా కలుపుతారు. కానీ ప్రపంచం మొత్తం మీద చూస్తే 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, లెక్కప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే.

మన రాష్ట్రంలో స్వచ్ఛాంధ్ర పేరుతో నెలనెలా పారిశుద్ధ్యానికి కేటాయించే మూడో శనివారాల్లో ఒకదాన్ని, 2025 ఏప్రిల్‌లో, ఈ-వ్యర్థాలకు కేటాయించారు. ఏడాదికొక శనివారంతో అటకలు ఖాళీ కావు. ఏలూరు కార్పొరేషన్, తాడేపల్లిగూడెం మునిసిపాలిటీ చేయగలిగింది చాలా ఉంది. టీవీలు, ఫోన్లు అమ్మే షాపులు ట్రేడ్ లైసెన్సు కోసం వచ్చినప్పుడు పాత సామాను తీసుకునే కౌంటరు పెట్టమనాలి. బండివాళ్ళకు గుర్తింపు కార్డులిచ్చి, పగలగొట్టని ట్యూబుకు, ఉబ్బిన ఫోన్ బ్యాటరీకి, కాలిపోయిన ట్యూబ్‌లైటుకు తూకం ప్రకారం డబ్బివ్వాలి. ఆ సరుకు నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. బోర్డుల్లోంచి లోహాలు తీసే పరిజ్ఞానం హైదరాబాద్‌లోని సీ-మెట్ పరిశోధన సంస్థ ఎప్పుడో సిద్ధం చేసింది. విప్పే కుర్రాళ్ళకు చేతి తొడుగులు, మంట లేకుండా తీగ ఒలిచే యంత్రం అందించి పని నేర్పడానికి తాడేపల్లిగూడెం నిట్ కన్నా దగ్గరి చోటు లేదు.

ఈలోగా ఇంట్లో ఉబ్బిన ఫోన్ బ్యాటరీ ఉంటే పొడవకండి, చెత్తలో కలపకండి, మండే వస్తువులకు దూరంగా విడిగా ఉంచండి. ఫోను ఇచ్చేముందు సిమ్ తీసి, అందులోవన్నీ చెరిపేయండి. టీవీ ఇచ్చేటప్పుడు ట్యూబు ఎక్కడికి పోతుందని బండివాణ్ణి అడగండి. అదే ప్రశ్న మీ వార్డు కార్పొరేటర్‌నూ అడగండి.