కొత్త బండా, పాత బండా? ముందు బ్రేకు సంగతి చూడండి

మా నాన్న రుస్తాఖ్‌లో డ్రైవర్. ఆయన యజమాని జెనరేటర్లు అద్దెకిస్తారు. నాన్న వాటిని ట్రైలర్ మీద పెళ్లిళ్లకీ, ఖర్జూర తోటలకీ తీసుకెళ్తారు. ఇప్పుడున్న పికప్ పనైపోయింది. "డీజిల్ బండి కొత్తది కొననా, వాడింది కొననా?" అని యజమాని నాన్నని అడిగారు. నాన్న భోజనం దగ్గర నన్ను అడిగారు. నాకు తెలుగులో గబుక్కున జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

నా మాట ఇది: వాడిన బండే కొనండి. మిగిలిన డబ్బుతో ట్రైలర్‌కి బ్రేకులు పెట్టించండి.

కొత్త బండికి వారంటీ ఉంటుంది, నిజమే. కానీ షోరూమ్ దాటగానే దాని ధర పడిపోతుంది. 2021 ఏప్రిల్ నుంచి ఒమన్‌లో 5 శాతం వ్యాట్ కూడా ఉంది. పైగా మొదటి 800 కిలోమీటర్లు ట్రైలర్ లాగొద్దని టొయోటా మాన్యువల్‌లో ఉంటుంది.

వాడిన బండితో భయం ఒకటే. ముందు ఎవరు ఎలా నడిపారో తెలీదు. అందుకే నాన్న పొద్దున్నే వెళ్లి, ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయిస్తారు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తారు. గుప్పుగుప్పున పొగ వస్తే లోపల అరిగిపోయినట్టే. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. రేడియేటర్ కూడా చూస్తారు. ఇక్కడ వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది.

అసలు సంగతి వేరే ఉంది. కొండ ఎక్కేటప్పుడు బండి ట్రైలర్‌ని లాగుతుంది. దిగేటప్పుడు ట్రైలర్ బండిని తోస్తుంది! బ్రేకు లేని ట్రైలర్ అయితే చాలా పికప్‌లకి 750 కిలోలే హద్దు. మా జెనరేటర్, ట్రైలర్ కలిపి దాదాపు 2 టన్నులు. బండి కొత్తదైనా ఈ లెక్క మారదు.

పోయినేడు వాదీ బనీ ఔఫ్ వైపు నుంచి దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన వచ్చిందట. నాన్న పక్కన ఆపి, చల్లారేదాకా కూర్చున్నారట. "అమ్మకి చెప్పకు" అన్నారు. అమ్మ ఈ బ్లాగు చదవదు, అందుకే రాస్తున్నాను. నాన్నకి 57 ఏళ్లు. బిల్లు కట్టేది యజమాని, కొండ దిగేది నాన్న.

నిన్న ఇదంతా నాన్నకి తెలుగులోనే చెప్పాను. "ట్రైలర్‌ని ఈడ్చే బండి" అన్నాను. నాన్న నవ్వారు. "ఈడ్చడం కాదమ్మా, లాగడం. ఈడిస్తే నేల మీద రాసుకుంటూ వస్తుంది."

తర్వాత కాసేపు ఆలోచించి, "ముందు బ్రేకుల సంగతే అడుగుతాలే" అన్నారు.

ఈ వారం నా వాక్యం: లాగేది ఇంజిన్, కాపాడేది బ్రేకు. మీ ఇంట్లో లాగడానికీ ఈడ్చడానికీ తేడా ఎలా చెప్తారు?