ఒక మనిషికి ఒకే చీటీ

విశ్వావసు నామ సంవత్సర పంచాంగ శ్రవణం 2025 ఉగాదికి జరిగింది. మన పిల్లల్లో చాలామంది ఆదాయ వ్యయాలు మాత్రం ఆ మార్చి నెలాఖరున వచ్చే అమెరికా ఉద్యోగ వీసా, హెచ్1బి లాటరీ చేతిలో ఉండిపోయాయి.

ఆ రోజుల్లో మా ఇంటికి భోజనానికొచ్చిన కుర్రాడు కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూ, ఎడమచేత్తో ఫోన్ చూస్తూనే ఉన్నాడు. లాయరు మెయిల్ కోసం. ఫలితం కనబడే ఖాతా కంపెనీది, లాయరుది. బతుకు ఎవరిదో వాళ్లకి లాగిన్ లేదు. పేరు రాకపోయినా అక్కడ ‘సబ్మిటెడ్’ అనే ఉంటుంది, మరో విడత తీస్తారేమోనని. చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ గడువు అతనికి అయిపోవచ్చింది, లాటరీకి అది మూడోసారి. “తగలకపోతే పోనివ్వండి అంకుల్. 2023లో నాది ఒక్క చీటీ, మా రూమ్మేట్‌వి ఆరు. అదే ఇంకా మింగుడుపడదు” అన్నాడు.

ఆ ఏడు ఒక్కో చీటీకి రిజిస్ట్రేషన్ రుసుము పది డాలర్లే. చెల్లుబాటైన 7,58,994 రిజిస్ట్రేషన్లలో 4,08,891 ఒకటికి మించి చీటీలున్నవాళ్లవి. ఉన్న వీసాలేమో 85,000. నిజంగానే రెండు మూడు ఉద్యోగాలొచ్చినవాళ్లూ అందులో ఉంటారు, కాదనను. కానీ కంపెనీలు కూడబలుక్కుని ఒకే మనిషికి నాలుగేసి వేయించిన కథలు మన పాట్‌లక్కుల్లో ఎవరు వినలేదు? “ఎన్ని వేయించావు?” అని మనమే అడిగాం, నవ్వుతూ.

2024లో చీటీని పాస్‌పోర్టుకు ముడిపెట్టారు. ఎన్ని కంపెనీలు వేసినా అప్పుడు మనిషికి ఒక్కటే అయింది. చెల్లుబాటైన రిజిస్ట్రేషన్లు 4,70,342కు దిగాయి, ఒకటికి మించినవాళ్లవి 47,314కు. ఇంత చిన్న మార్పుకి అన్నేళ్లెందుకు పట్టిందో! 2025లో రుసుము 215 డాలర్లయింది. అది పెద్ద కంపెనీకి లెక్కే కాదు గనక, దొంగ చీటీలకు అసలు కళ్లెం పాస్‌పోర్టేనని నా అభిప్రాయం.

వీసా స్లాట్ల సంగతీ ఇంతే. బాట్లతో బుక్ చేసిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను రద్దు చేస్తున్నట్టు భారత్‌లోని అమెరికా ఎంబసీ 2025 మార్చి 26న ప్రకటించింది. అర్ధరాత్రి లేచి కూర్చుని రిఫ్రెష్ కొట్టినవాడికి దొరకని స్లాట్, ఏజెంటుకి డబ్బు కట్టినవాడికి ఎలా దొరికేదో అప్పుడు తెలిసింది.

ఆ ఏజెంట్ల ఫోన్ నంబర్లు మన వాట్సాప్ గ్రూపుల్లోనే తిరిగాయి. ‘గ్యారంటీ ఫైలింగ్’ అన్న ప్రకటన రెండేళ్ల కిందట మన సంఘం సంచిక వెనక అట్ట మీదే వేశాం. ఏం గ్యారంటీ అని నేనూ అడగలేదు. అలాంటివి ఇక వద్దంటే సంఘం కోశాధికారిగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఈసారి వెనక అట్ట మీద తెలుగు బడి పిల్లలు వేసిన ముగ్గు ఉంది. చుక్కలు ఒకచోట తప్పాయి, అలాగే అచ్చువేశాం.